కెదార్ ధాతువు

మధ్యాహ్నం మూడు నుంచి మూడున్నర దాకా అశ్వత్థనారాయణ నోరు మెదపకూడదు. ఆ రోజు ఆయన చేయవలసిన పనల్లా అదొక్కటే. అరవై రెండేళ్ళ మనిషి, విదురాశ్వత్థ క్షేత్రంలో ఏటా వేదపారాయణకు కూర్చునే పెద్దల్లో ఒకడు, అరగంటసేపు నోరు కట్టుకోలేడా అని మీరనుకోవచ్చు. ఆయన ఇంట్లోవాళ్ళకు మాత్రం ఆ నమ్మకం లేదు. అందుకే కూతురు అనఘ వారం ముందే గూళూరులో ఒక గృహప్రవేశం వెతికి మరీ ఆయనకు అంటగట్టింది.

"అప్పా, ఆడ భోంచేసి, కొంచేపు పండుకోని, సాయంత్రం బస్సుకు నిదానంగా రా," అని పొద్దున్నే మళ్ళీ ఒకసారి చెప్పింది.

"నేను ఇంట్లో ఉంటే నీకేం అడ్డమమ్మా?"

"నువ్వుంటే ఊరుకోవు. తప్పు వినబడితే దిద్దుతావు."

"మాట ఇస్తాండా కదా. నోరు తెరవను."

"మాటా ఇయ్యండి, గూళూరికీ పోండి," అంది భార్య అంబుజ వంటింట్లోంచి.

ఆ అరగంట మీద ఏముందో చెప్పాలి. అనఘ చింతామణి దగ్గర ఒక కంపెనీలో మూడేళ్ళుగా పనిచేస్తోంది. వేలెడంత దోసకాయలను ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, సీసాలకెత్తి, స్పెయిన్ దేశానికి పంపే కంపెనీ అది. ఆ సీసాల వెంట పోయే కాగితాలన్నీ అనఘ చేతిమీదుగా పోతాయి. ఉద్యోగం మాత్రం పర్మనెంటు కాదు. ఇక ఆ కాగితాల పని కంప్యూటరే చేసుకుంటుందట, నెలాఖరుకు ఆ సెక్షను మూసేస్తున్నారు. మిగిలేది ఒక్క సీటు, స్పెయిన్ వాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడే సీటు. దానికి ఇద్దరు పోటీ. ఒకడు తేజస్, బెంగళూరులో రెండేళ్ళు క్లాసులకు పోయి నేర్చుకున్నవాడు. రెండో మనిషి అనఘ, చింతామణి బస్సులో ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని నేర్చుకున్నది. స్పెయిన్ నుంచి ఒక ఆవిడ కంప్యూటర్లో కనబడి ఇరవై నిమిషాలు ప్రశ్నలడుగుతుంది. మూసిన గదిలో ఒంటరిగా కూర్చుని జవాబు చెప్పాలి. ఇంకొక గొంతు వినబడిందంటే పరీక్ష రద్దు. రద్దయితే ఒకటో తారీకు నుంచి అనఘకు పని లేదు.

ఇందులో అశ్వత్థనారాయణ ఎట్లా చొరబడ్డాడంటే, మూడు నెలల కిందట ఒక తెల్లవారుజామున ఆయన సంధ్యకు నీళ్ళు ముంచుకుంటుంటే పక్కగదిలోంచి కూతురి గొంతు వినబడింది. ఒకే మాటను పట్టుకుని తడబడుతోంది. కేదారనాథుణ్ణి తలుచుకుంటోందేమోనని ఆయన మురిసిపోయి తలుపు దగ్గరికి పోయాడు. తీరా చూస్తే దేవుడూ లేడు, దండమూ లేదు. చేతిలో సెల్‌ఫోను, కళ్ళలో నీళ్ళు.

"ఇది క్రియ, అప్పా. కెదార్ అంటారు. దీనికి అర్థం ఒకటి కాదు. డబ్బాలో చింతపండు మిగిలితే కెదార్. మనిషి యాడన్నా ఉండిపోతే కెదార్. ఫలానా టైముకు బస్టాండులో కలుద్దామని మాటనుకుంటే కెదార్. రవిక ఒంటికి నప్పితే కెదార్. ఇది నేనే ఉంచుకుంటానంటే అదీ కెదారే. అర్థాలు తెలుస్తాండాయి. మాట్లాడబోతే నోరు తిరగదు. నేనంటే ఒక రూపు, నువ్వంటే ఒక రూపు, నిన్నకొకటి, రేపటికొకటి."

"ధాతువన్నాక అనేకార్థాలు ఉంటాయి, దానికేముంది?" అన్నాడాయన. "నోరు తిరగలేదంటే నీకు సంత లేదు. అంతే."

సంత అంటే ఇక్కడ అంగడి కాదు. గురువు ఒకసారి పలుకుతాడు, శిష్యుడు రెండుసార్లు పలుకుతాడు. పుస్తకంతో పని లేదు. అట్లా పలికి పలికి రోజుకొక పనస, అంటే యాభై మాటల వరుస, నోటికి తెచ్చుకుంటారు. శిష్యుడు మధ్యలో ఆగితే గురువు తరువాతి మాట అందించాలి. అందించకుండా చూస్తూ కూర్చుంటే ఆ పాపం గురువుదే. అశ్వత్థనారాయణ తన తండ్రి దగ్గర అట్లే నేర్చుకున్నాడు. కొడుకు వసిష్ఠకు ఎనిమిదేళ్ళు అట్లే చెప్పాడు. వసిష్ఠ అదంతా వదిలేసి చిక్కబళ్ళాపురంలో సెల్‌ఫోన్ల షోరూములో చేరిపోయాడు, అది వేరే సంగతి. అనఘకు మాత్రం చెప్పలేదు. ఆడపిల్లకు వేదం చెప్పడమన్నది వాళ్ళింట్లో లేదు. ఎందుకు లేదని ఆయన ఎవరినీ అడగలేదు, ఆయన్ను ఎవరూ అడగలేదు. అన్నకు సంత జరుగుతుంటే ఆ పిల్ల వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసేది.

స్పానిష్‌కు ఏ శాస్త్రమూ అడ్డం రాలేదు. ఫోనులోని గొంతును నాలుగు రోజులు విని ఆ క్రియ రూపాలన్నీ ఆయన నోటికి తెచ్చేసుకున్నాడు. ఎక్కడ స్వరం లేవాలో, ఎక్కడ దిగాలో ఒక కాగితం మీద గీతలు కూడా పెట్టుకున్నాడు. రోజూ అయిదున్నరకు తండ్రీ కూతుళ్ళు ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ఆయన "కేదో, కేదస్, కేద" అని ఒకసారి అంటే, ఆమె రెండుసార్లు. ఆమె ఆగితే ఆయన అందించేవాడు. ఆ మాటలకు అర్థమేమిటో ఆయన తెలుసుకోనూ లేదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. పిల్ల నోరు మూడు నెలల్లో ఏటి నీళ్ళలా సాగింది. ఆయనకు అది చాలు.

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుంది. గూళూరు గృహప్రవేశం భోజనాలతో సహా రెండుకే ముగిసింది. ఇంటి యజమాని కొండప్ప బోరు మోటారు రిపేరుకని అశ్వత్థనారాయణ ఉండే బాగేపల్లికే బయలుదేరుతూ, "స్వామీ, బస్సుకని ఎండలో యాడ నిలబడతారు, బండెక్కండి," అన్నాడు. అశ్వత్థనారాయణ కాదనవచ్చు. నిద్ర వస్తోందనో, కడుపు బరువుగా ఉందనో చెప్పవచ్చు. ఏమీ చెప్పకుండా పంచె ఎగదోపుకుని వెనక కూర్చున్నాడు. నిజానికి పొద్దుటి నుంచి ఆయనకు అన్నం సయించలేదు. మంత్రం దాని పాటికది నోట నడుస్తోంది, మనసంతా మూడు గంటల మీదే ఉంది.

బండి వీధి మలుపులో దింపేసరికి మూడుకు పది నిమిషాలు. ఇంటి ముందు మెట్టు మీద అంబుజ కాపలా కూర్చుని ఉంది. పక్కింటి మునిశామప్పను బతిమాలి సాయంత్రం దాకా గ్రిల్లు కోసే మిషను ఆపించింది. పాలవాడికీ పూలమ్మికీ ముందే చెప్పి పెట్టింది. ఇన్ని చేసి, ఎదురుగా మొగుణ్ణి చూసేసరికి నెత్తి కొట్టుకుంది.

"యేమండీ, ఏమని చెప్పి పంపితిమి మిమ్మల్ని?"

"ష్... లోపలికి రానులేవే. పెరట్లో కూర్చుంటా. దానికి నేను వచ్చిందే తెలీదు."

"పలికితిరో, చూడండి మళ్ళ."

"పలకను."

పెరట్లో బట్టలుతికే బండ ఉంది. దానికి సరిగ్గా పైన అనఘ గది కిటికీ. ఒక రెక్క ఎన్నాళ్ళుగానో మూతపడదు. అశ్వత్థనారాయణ ఆ బండ మీదే కూర్చున్నాడు. పెరట్లో వేరే చోటు లేక కాదు.

మూడయింది. లోపల ఒక ఆడగొంతు పలకరించింది, అనఘ బదులు పలకరించింది. ఆయన ఉత్తరీయం కొసను గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. మాటలు అర్థం కాకపోయినా సాగుతున్నాయో లేదో ఆ చెవికి తెలుస్తుంది. సాగుతున్నాయి. మధ్య మధ్య తనకు తెలిసిన రూపాలు తగిలినప్పుడల్లా, సభలో కొడుకు పనస చెబుతుంటే ఊపినట్టు, తల ఊపాడు. అయిదు నిమిషాలు గడిచాయి. ఎనిమిదయ్యాయి. అవతలి గొంతులో వేగం పెరిగింది. అనఘ గొంతు కొంచెం తగ్గింది. ఒకచోట ఒక మాట సగంలో విరిగితే ఆయన ఉత్తరీయాన్ని నోట్లో కుక్కుకున్నాడు. అనఘే దాన్ని సరిదిద్దుకుని ముందుకు పోయింది. పారాయణలో ఎంతమంది ముందు కూర్చున్నా ఆయనకు ఇంత భయం ఎప్పుడూ లేదు. అక్కడ పోయేది తన పరువు. ఇక్కడ పోయేది పిల్ల బతుకుతెరువు.

పన్నెండో నిమిషంలో ఆ ఆవిడ ఒక చిన్న ప్రశ్న అడిగింది. అంతకు ముందువాటికంటే మెత్తగా, నెమ్మదిగా అడిగింది. అనఘ జవాబు చెప్పలేదు.

ఒకటి, రెండు, మూడు అని ఆయన లోపల లెక్కపెట్టుకున్నాడు. అయిదు. ఆరు. గదిలో చప్పుడు లేదు. మనం మాట్లాడేటప్పుడు ఆగుతాం, ఆలోచిస్తాం, నొచ్చుకుంటాం, మింగుతాం. ఆగడానికి వెయ్యి కారణాలుంటాయి. సంతలో పెరిగిన అశ్వత్థనారాయణకు తెలిసింది ఒక్కటే కారణం. ఆగిందంటే మరిచిపోయింది. పది. పదకొండు. ఒకటో తారీకు, మూసేసే సెక్షను, బెంగళూరు తేజస్ అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. పిల్ల నోట మాట రాక అల్లాడుతోంది, ఆ మాట తన నాలుక మీదే ఉంది. ఇచ్చిన మాట ఎటు పోయిందో ఆయనకే తెలియదు.

"కెదే! కెదాస్తె! కెదో!"

నలభై ఏళ్ళు సభల్లో మోగిన గొంతు. కిటికీలోంచి గదంతా నిండింది. లోపల కుర్చీ కిర్రుమంది. స్పెయిన్ ఆవిడ ఒక్క ముక్క గట్టిగా అంది. దానికి అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. పెరటి మలుపులో అంబుజ నెత్తిన రెండు చేతులూ పెట్టుకుని నిలబడిపోయింది. అశ్వత్థనారాయణ తన నోటిని తన చేత్తోనే మూసుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

"అప్పా, లోపలికి రా," అంది అనఘ. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది. ఆయన ఉత్తరీయం సర్దుకుని లోపలికి పోయాడు.

కంప్యూటర్లో నెరిసిన జుట్టుతో, కళ్ళద్దాలతో ఒక ఆవిడ. ఆయన్ను, ఆయన విభూతిని, భుజం మీది ఉత్తరీయాన్ని మార్చి మార్చి చూసింది. ఏదో అడిగింది.

"ఈయనెవరని అడిగితే మా అప్ప అని చెప్పినా. జవాబులు అందీడానికి కిటికీ కింద దాపెట్టినావా అని అడుగుతాండాది," అంది అనఘ.

"తప్పు నాదని చెప్పు తల్లీ. నేను ఈడ ఉండేదే నీకు తెలీదని చెప్పు. గూళూరులో ఉండాననుకుంటివి నువ్వు."

అనఘ చెప్పింది. ఆవిడ నమ్మినట్టు లేదు. ఇంకొకటి అడిగింది. అనఘ తండ్రి వైపు తిరిగి చెప్పింది.

"నువ్విప్పుడు పలికినదానికి అర్థమేమి అంటాండాది."

అరవై రెండేళ్ళలో ఆయన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. స్వరం తప్పిందన్నవాళ్ళున్నారు, బాగుందన్నవాళ్ళున్నారు. అర్థమేమిటన్నది ఈవిడ ఒక్కతే. అబద్ధం ఆడదామంటే ఆడడానికి కూడా ఏమీ తోచలేదు.

"తెలీదమ్మా."

"ఒక్క మాటకన్నా?"

"ఒక్క మాటకూ తెలీదు. పలికేది మాత్రమే నాకు వచ్చు. పిల్ల ఆగిపోయింది. ఆగిన పిల్లకు అందీకుండా కూర్చునేది నాకు చేతకాలేదు. అది చెప్పు చాలు."

అనఘ చెప్పడం మొదలుపెట్టింది. ఆయన చెప్పినదానికంటే చాలాసేపు చెప్పింది. చేతులు తిప్పుతూ, ఒకచోట తడబడి, మళ్ళీ అందుకుని, మధ్యలో మాట వెతుక్కుంటూ ఆగి, మళ్ళీ చెప్పింది. అందులో తను నేర్పిన వరుసలు లేవు. తను నేర్పిన మాట ఎక్కడో ఒకటి మెరిసి మాయమవుతోంది, మిగిలినదంతా ఆమెదే. కూతురు ఆగుతోంది, ఆగినా పోగొట్టుకోవడం లేదు. అశ్వత్థనారాయణ నోరు తెరుచుకుని వింటూ నిలబడ్డాడు.

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, కాగితం మీద ఏదో రాసుకుని, గట్టిగా రెండు మాటలు చెప్పింది.

"రద్దంట," అంది అనఘ.

ఆయన కంప్యూటరు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"రూలు రూలే అంటాండాది. అయితే అర్థమే తెలీనోడు జవాబు ఎట్ల అందిస్తాడు, కాబట్టి ఇది మోసం కాదని రాస్తాదంట. ఐదింటికి ఆమెకు ఇంకో గంట ఖాళీ ఉండాది. మళ్ళీ మొదట్నించి పెడతాదంట. ఈసారి గొంతు వినబడితే సీటు తేజస్‌కే." అనఘ తండ్రి ముఖంలోకి చూడకుండా కిటికీ రెక్కను బలంగా లాగింది. అది రాలేదు. "ఇంటి చుట్టుపక్కల కూడా ఎవరూ ఉండొద్దంట. పో అప్పా. అమ్మను కూడా పిల్చుకోని పో."

నాలుగున్నరకే ఇద్దరూ బస్టాండు దగ్గర నంజప్ప టీ అంగట్లో చేరారు. అంబుజ దారంతా తిట్టింది. తిట్టి తిట్టి, ఐదయ్యేసరికి ఆమె కూడా నోరు మూసుకుంది. చింతామణి బస్సు వచ్చింది, పోయింది. హిందూపురం బస్సు హారను కొట్టుకుంటూ వచ్చింది. ఎంత చెవి నిక్కించినా అర కిలోమీటరు అవతలి గదిలోని పిల్ల గొంతు వినబడదు గదా. ఇప్పుడు ఆగిందో, మరిచిందో, ఏడుస్తోందో. నేను ఆ బండెక్కకపోయి ఉంటే ఈ పాటికి గెలిచి ఉండేది అనుకున్నాడు. తన చేత్తోనే పిల్ల నోటికాడి కూడు తీసేశానన్న మాట ఒకటి లోపల తిరుగుతూనే ఉంది. నంజప్ప తెచ్చిన టీ రెండుసార్లు చల్లారిపోయింది. ఐదు ఇరవై. ఐదున్నర.

ఐదూ నలభైకి అనఘ రోడ్డు దాటి వస్తూ కనబడింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. అంబుజ లేచి నిలబడింది.

"వచ్చింది," అంది అనఘ.

"ఏమొచ్చిందే?"

"సీటు, అమ్మా. నిన్న పరీక్షిచ్చిన తేజస్ కంటే నేనే మేలని ఆమే చెప్పేసింది. కంపెనీకి మెయిలు కూడా పంపించేసిందంట."

అంబుజ అక్కడే, నలుగురి ముందే, కూతురి తల పట్టుకుని ముద్దు పెట్టుకుంది. అశ్వత్థనారాయణ కళ్ళు తుడుచుకున్నాడు. కాసేపటికి గొంతు సవరించుకుని, మధ్యాహ్నం నుంచి లోపల దొలుస్తున్నది అడిగేశాడు.

"ఆగిపోయినావు కదా తల్లీ, అప్పుడు. అంత కష్టమైనది ఏమడిగింది?"

అనఘ టీ గ్లాసును బల్ల మీద పెట్టింది. "ఇప్పుడెందుకులే."

"చెప్పు."

"మీ అప్ప ఏం చేస్తాడని అడిగితే వేదం చెప్తాడని చెప్పినా. అయితే నీకేం నేర్పినాడు అని అడిగింది." ఆమె బస్టాండు వైపు చూస్తూ చెప్పింది. "ఏమీ నేర్పలేదని చెప్తే నీకు అవమానం. నేర్పినాడని చెప్తే అబద్ధం. ఏది చెప్పాల్నో తెలీక ఆగినా. మరిచిపోలేదు, అప్పా."

అశ్వత్థనారాయణకు తల ఎత్తబుద్ధి కాలేదు. పరీక్ష పోయి ఉన్నా ఆయనకు ఇంత సిగ్గు వేసి ఉండదు. చిక్కుడుకాయల చేట ముందు పెట్టుకుని, పెదవులు కదపకుండా వింటూ కూర్చున్న ఏడేళ్ళ పిల్ల ఆయనకు ఇప్పుడు కనబడింది.

"రెండోసారి?" అన్నాడు మెల్లగా.

"అన్నీ అయినాంక, ఒక ప్రశ్న మిగిలిపోయింది కదా అని అదే అడిగింది. ఒక క్రియ నేర్పినాడని చెప్పినా. ఆమె నవ్వింది. నిజమే, ఆ పాఠం నేను కూడా విన్నాను అనింది."

అంబుజ నవ్వింది. ఆయన నవ్వలేదు. బల్ల మీది టీ మరకను వేలితో తుడిచాడు. విదురాశ్వత్థలో తన పక్కన కూర్చునేవాళ్ళు ఏమంటారో ఆయనకు తెలుసు. తండ్రి బతికి ఉంటే ఏమనేవాడో అంతకంటే బాగా తెలుసు.

"రేపు అయిదున్నరకు లేస్తావా?" అన్నాడు.

"ఇంకెందుకప్పా, పరీక్ష అయిపోయింది కదా."

"స్పానిష్ కాదు. మొదటి పనస చెప్తా."

అంబుజ మొగుడి ముఖంలోకి చూసింది. "ఎవరన్నా అడిగితే?"

"అడగనీ."

అనఘ వెంటనే సరేననలేదు. ఈసారి ఆమె ఎంతసేపు ఆగినా ఆయన తొందరపడకుండా కాచుకున్నాడు.

"అర్థం కూడా చెప్తావా?" అని అడిగింది చివరికి.

"నాకు తెలిసినంత చెప్తా," అన్నాడు అశ్వత్థనారాయణ. "తెలీంది చానా ఉండాది. అది నువ్వే వెతికి నాకు చెప్పు."